వేడెక్కితే ఆగిపోయే బుల్లెట్, దాని రోగం పట్టుకున్న మనవాళ్ళు

అసలు స్టార్టే కాని బండిని బాగుచేయడం తేలిక. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టయ్యి, పదిహేను కిలోమీటర్లు నున్నగా పోయి, ఇంజన్ బాగా కాగాక ఉన్నట్టుండి ఆగిపోయి, అరగంట చెట్టుకింద పెడితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే బండి ఉంది చూడండి, దాంతోనే కష్టం. ఎందుకంటే షెడ్డుదాకా తోసుకెళ్ళేసరికి అది చల్లబడి ఉంటది, మెకానిక్ ముందు కిక్ కొడితే టక్కున అందుకుంటది, ఆయన "బానే ఉందిగా" అంటాడు, ఇంక మనం ఏం చెప్పినా నమ్మడు. మా బుల్లెట్ మొన్న ఎండాకాలం అంతా ఇదే చేసింది. చివరికి ఎలా దొరికింది, ఎవరు పట్టుకున్నారు అనేది వివరంగా రాస్తున్నా, కాస్ట్ ఐరన్ బుల్లెట్లు, అంటే పోత ఇనుము ఇంజన్ ఉన్న పాత బండ్లు నడిపేవాళ్ళు మన దగ్గర ఇంకా చాలామందే ఉన్నారు, ఎవరికోకళ్ళకి ఉపయోగపడుద్ది.

బండి 1996 మోడల్, 350 స్టాండర్డ్. 346 సీసీ, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు, ఫస్టు పైకి, మిగతా మూడూ కిందకి. మా పెదనాన్న కొన్నది, మిర్చి యార్డుకైనా పెళ్ళికైనా దానిమీదే వెళ్ళేవాడు. ఆయన తర్వాత అది నాకొచ్చింది. ఇంట్లో ఇంకో బండి ఉన్నా సరే ఇది నడవకుండా మూల నిలబడి ఉంటే నాకు మనసొప్పదు.

మొదట దగ్గర్లో ఉన్న ఒక షెడ్డులో చూపించా. కార్బొరేటర్ విప్పి కడిగారు, కిట్ వేశారు, ప్లగ్ మార్చారు, పెట్రోల్ కాక్ (ట్యాంక్ కింద పెట్రోల్ వదిలే కుళాయి) మార్చారు, ఇన్ని మార్చినా మళ్ళీ అదే చోట ఆగింది. చివరికి "బోర్ అయిపోయిందండీ, ఇంజన్ దించాలి" అన్నారు, అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిపోయిందని. ఈ మాట వినగానే చాలామంది సరే అనేస్తారు. కానీ ఒక్కసారి ఆలోచించండి, బోర్ పోయిన బండి చల్లగా ఉన్నప్పుడు కూడా పొగ కొడుద్ది, కొండెక్కేటప్పుడు లాగదు, ఆయిల్ తాగుద్ది. ఇది ఆ మూడూ చేయట్లేదు. ఇంజన్ దించితే బోరింగు, ఓవర్‌సైజ్ పిస్టన్, లేత్ పని, ఎన్ని వేలు అవుద్దో, అంతా చేశాక మళ్ళీ పదిహేనో కిలోమీటరు దగ్గర ఆగితే?

అప్పుడు మన బుల్లెట్ బ్యాచ్‌కి చెప్పా. బ్యాచ్ అంటే పెద్ద క్లబ్బేం కాదు, జాకెట్లూ బ్యాడ్జీలూ ఏమీ లేవు, గుంటూరు చుట్టుపక్కల పాత బుల్లెట్లు ఉన్న కొంతమంది, ఆదివారం పొద్దున్నే టీ దగ్గర కలుస్తాం. తెనాలి అన్న ఉన్నాడు, ఆయనకి మూడు బుల్లెట్లు, మూడూ ఆయనే విప్పి ఆయనే కడతాడు. రైల్వేలో ఎలక్ట్రికల్ సైడ్ చేసి రిటైరైన బాబాయ్‌గారు ఉన్నారు, వైరింగ్ అంటే ఆయనే. సత్తెనపల్లి తమ్ముడు పాలిటెక్నిక్ చదివాడు, బండి మాత్రం వాళ్ళ తాతది.

నేను మొత్తం కథ చెప్పాక బాబాయ్‌గారు అడిగిన మొదటి ప్రశ్న ఏ పార్ట్ గురించీ కాదు. "ఆగేటప్పుడు ఎట్లా ఆగుద్దిరా అబ్బాయ్, నీరసంగా ఆగుద్దా, టక్కున ఆగుద్దా?" అన్నారు.

ఈ ఒక్క ప్రశ్నలో సగం రోగం తేలిపోద్ది, అందుకే కాస్త ఆగి చెప్తా. పెట్రోల్ అందక ఆగే బండి ముందే చెప్తది, లాగుడు తగ్గుద్ది, జర్క్‌లు ఇస్తది, చోక్ వేస్తే ఇంకో రెండు వందల మీటర్లు వస్తది, తర్వాత ఆగుద్ది. కరెంట్ పోయి ఆగే బండి అలా కాదు, బాగా వెళ్తూ వెళ్తూ మిస్సింగ్ మొదలవుద్ది, సైలెన్సర్‌లో టప్ టప్ అని పేలుద్ది, లేదా తాళం తీసినట్టు ఒక్కసారిగా ఆగిపోద్ది. మూడోది, కిక్. ఆగిన వెంటనే కిక్కర్ మీద కాలు పెట్టి నొక్కితే ఎప్పటిలాగే బరువుగా ఉందా, తేలిగ్గా దిగిపోతుందా? తేలికైతే కంప్రెషన్ పోతోంది, అంటే వాల్వులని తోసే ట్యాపెట్లు మరీ టైటుగా ఉండి వాల్వ్ పూర్తిగా మూసుకోవట్లేదేమో చూడాలి. బరువుగానే ఉంటే ఇంజన్ లోపల భేషుగ్గా ఉన్నట్టు. మాది టప్ టప్ అని పేలి ఆగేది, కిక్ బరువుగానే ఉండేది. "అయితే ఇంజన్ జోలికి ఎవడూ పోవద్దు" అన్నాడు తెనాలి అన్న.

తర్వాతి ఆదివారం అందరం కలిసి అమరావతి రోడ్డు పట్టుకున్నాం. ఉద్దేశం ఒకటే, బండి ఆగాలి, అది వేడిగా ఉండగానే చూడాలి. లాం దాటాం, తాడికొండ ఇంకా రాలేదు, మొదలైంది మిస్సింగ్, రోడ్డు పక్కన వేపచెట్టు కింద ఆగిపోయింది. తెనాలి అన్న బండి దిగకముందే "ట్యాంక్ మూత తియ్" అని అరిచాడు. మూతకి ఉండే సన్న గాలి రంధ్రం మూసుకుపోతే ట్యాంక్ లోపల వ్యాక్యూమ్ ఏర్పడి పెట్రోల్ దిగదు, మూత తీయగానే సుస్సుమని గాలి పీల్చుకుంటది, వెంటనే స్టార్టవుద్ది. మాదాంట్లో ఏ శబ్దమూ లేదు, కిక్ కొట్టినా స్టార్ట్ కాలేదు. పెట్రోల్ పైపు పీకి చూస్తే ధార బాగానే వస్తోంది. పెట్రోల్ సైడ్ రెండు నిమిషాల్లో అయిపోయింది.

ప్లగ్ విప్పారు. రంగు కాఫీపొడి రంగులో ఉంది, అంటే మిక్చర్ బానే ఉంది. తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ, నల్లగా మసి ఉంటే ఎక్కువ. ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, హెడ్డుకి ఆనించి కిక్ కొడితే స్పార్క్ వస్తోంది కానీ సన్నగా, పసుపుపచ్చగా, ఉండీ లేనట్టు. అది నీలంగా, చటుక్కున, శబ్దం వచ్చేలా కొట్టాలి. సరే, కరెంట్ వీక్. ఇప్పుడు స్పార్క్‌కి సరిపడా కరెంట్ పెంచే కాయిలా, ఆ కరెంట్‌ని కలుపుతూ తెంపుతూ ఉండే పాయింట్లా, వాటికి తోడుండే కండెన్సరా?

బాబాయ్‌గారు చేతి రుమాలు నీళ్ళతో తడిపి కాయిల్ మీద కప్పారు. కాయిల్ వేడికి పోతోందంటే చల్లబడగానే కరెంట్ పుంజుకుంటది. కాసేపు ఆగి కిక్ కొట్టాం, అదే పసుపు స్పార్క్. కాయిల్ కాదు. అప్పుడు సిలిండర్ వెనక కుడిపక్కన ఉండే డిస్ట్రిబ్యూటర్ మూత తీశారు. కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో పాయింట్లు, కండెన్సర్ రెండూ అందులోనే ఉంటాయి. నన్ను కిక్ మెల్లగా నొక్కమని, తన నీడ దానిమీద పడేట్టు వంగి చూస్తూ, "ఇటురా, చూడు" అన్నారు. చూస్తే, పాయింట్లు తెరుచుకున్న ప్రతిసారీ వాటి మధ్య నీలంగా నిప్పు. కొంచెం కాదు, ఎండలో నిలబడినా కనపడేంత. పాయింట్ల మొహాలు కాలిపోయి ఉన్నాయి, ఒకదానిమీద చిన్న గుంట, ఎదురుదానిమీద చిన్న బుడిపె.

అదీ కండెన్సర్ పోయిన గుర్తు. ఎందుకో బాబాయ్‌గారు అక్కడే చెప్పారు. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు కాయిల్‌లో కరెంట్ పారుతుంటది. అవి తెరుచుకోగానే ఆ కరెంట్ ఒక్కసారి తెగాలి, ఎంత చటుక్కున తెగితే ప్లగ్ దగ్గర అంత గట్టి స్పార్క్. కానీ కరెంట్ తెగడానికి ఒప్పుకోదు, పాయింట్ల మధ్య గ్యాప్‌లోంచి దూకాలని చూస్తది. ఆ దూకేదాన్ని కండెన్సర్ తనలోకి తీసుకుంటది. కండెన్సర్ పోతే కరెంట్ అంతా పాయింట్ల దగ్గరే నిప్పుగా ఖర్చైపోయి, ప్లగ్‌కి మిగిలేది ఆ పసుపు స్పార్కే. పైగా పాత కండెన్సర్ చల్లగా ఉన్నప్పుడు బానే పనిచేసి, వేడెక్కాక లోపల ఫెయిలవుద్ది, చల్లబడ్డాక మళ్ళీ మామూలైపోద్ది. ఇంజన్‌ని ఆనుకుని ఉన్న డిస్ట్రిబ్యూటర్‌లో కూర్చున్నాక వేడి తగలకుండా ఎట్లా ఉంటది చెప్పండి.

ఆయన బ్యాగులోంచి పాత అంబాసిడర్ కారు కండెన్సర్ తీశారు, దానికి రెండు మొసలి క్లిప్పులు ముందే తగిలించి ఉన్నాయి. డిస్ట్రిబ్యూటర్‌లో కండెన్సర్ వైరు విప్పేసి, దీని వైరు కాయిల్‌లో పాయింట్లకి వెళ్ళే టెర్మినల్‌కి, దీని బాడీ ఫ్రేముకి తగిలించారు. ఇంజన్ ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడిగానే ఉంది. ఒక్క కిక్. స్టార్టయింది. ఆ డుగ్ డుగ్ విన్నాక నాకు ఎంత ఆనందమేసిందో ఇక్కడ రాయలేను, ఎండాకాలమంతా దాన్ని తోసుకుంటూ తిరిగినవాడిని కదా.

ఆ కండెన్సర్‌నే తర్వాత పక్కాగా బిగించాం, డిస్ట్రిబ్యూటర్‌లో కాదు, ట్యాంక్ కింద కాయిల్ పక్కన, ఇంజన్ వేడి తగలని చోట. బాడీకి ఎర్త్ బాగా అందాలని ఫ్రేము మీద పెయింట్ గీకి బోల్ట్ వేశాం. ఇది పాత బుల్లెట్లవాళ్ళు చాలామంది చేసే పనే, కార్ కండెన్సర్లూ దాదాపు అదే కెపాసిటీలో, 0.2 మైక్రోఫారడ్ అటూఇటూ ఉంటాయి కాబట్టి ఇబ్బందేమీ లేదు.

ఇంక ఆ డిస్ట్రిబ్యూటర్ ఎలాగూ విప్పాం కదా అని తర్వాతి వారం పాయింట్లు మార్చి టైమింగ్ (స్పార్క్ ఎప్పుడు పడాలనేది) కూడా పెట్టించారు, నా చేతే. ఇది నేర్చుకోవడం మాత్రం బంగారం. కొత్త పాయింట్ల మీద కంపెనీవాళ్ళు తుప్పు పట్టకుండా సన్నగా నూనె రాస్తారు, ముందు పెట్రోల్‌తో అది తుడవాలి, లేకపోతే కొత్త పాయింట్లు వేసినా కరెంట్ రాక బుర్ర తిరిగిపోద్ది. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నచోట ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత, ఈ వరస తప్పకూడదు, ఎందుకంటే గ్యాప్ మారిస్తే టైమింగ్ దానంతటదే మారిపోద్ది. క్యామ్‌కి ఆనే మడమ దగ్గర గోరంత గ్రీజు పెట్టాలి, లేకపోతే అది అరిగి గ్యాప్ మూసుకుపోతుంటది.

టైమింగ్‌కి ప్లగ్ రంధ్రంలోంచి సైకిల్ చువ్వ దించి పిస్టన్ పైకి వచ్చిన చోటు గుర్తుపెట్టుకున్నాం. రెండు వాల్వులూ మూసుకుని ఉండే కంప్రెషన్ స్ట్రోకు మీదే చూడాలి. అక్కడినుంచి వెనక్కి తిప్పి పిస్టన్ 0.8 మిల్లీమీటర్లు కిందికి దిగినచోట పాయింట్లు అప్పుడప్పుడే తెరుచుకోవాలి. తెరుచుకున్నాయని ఎలా తెలుసుద్ది? ఇక్కడ తెనాలి అన్న హెడ్‌లైట్ డూమ్ మీద ఉండే యాంపియర్ మీటర్ చూపించాడు. లైట్లు ఆపి, తాళం ఆన్‌లో ఉంచితే పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు వాలి ఉంటది, తెరుచుకున్న క్షణంలో టక్కున మధ్యకి వస్తది. డిస్ట్రిబ్యూటర్ క్లాంప్ లూజు చేసి మెల్లగా తిప్పుతూ ఆ ముల్లు కదిలిన చోట బిగించడమే, ఏ మిషనూ అక్కర్లేదు. స్టార్ట్ చేసేటప్పుడు కూడా ఈ ముల్లే దారి చూపిస్తది. కిక్ మెల్లగా నొక్కుతూ బరువు తగిలిన దగ్గర ముల్లు మధ్యకి రాగానే ఆగి, డీకంప్రెషర్ (కంప్రెషన్ వదిలే లివర్) నొక్కి ఇంకొంచెం దాటించి, కిక్కర్ పైకి వదిలి అప్పుడు పూర్తిగా కొట్టాలి. మా పెదనాన్న అరవై దాటాక కూడా చెప్పులతో కిక్ కొట్టేవాడంటే దీనివల్లే అని ఇప్పుడు అర్థమైంది. కిక్ రిటర్న్ కొట్టి మడమ వాచిపోయేవాళ్ళు ముందు టైమింగ్ ఎక్కువ అడ్వాన్స్ అయిందేమో, అంటే స్పార్క్ మరీ ముందే పడుతోందేమో చూడండి, కాలికి బలం చాలక కాదు.

ట్యాపెట్లు కూడా అదే రోజు. బోరుకి కుడిపక్కన ఒక్క నట్టుతో ఉండే కవర్ తీస్తే పుష్‌రాడ్లు కనపడతాయి. ఇంజన్ పూర్తిగా చల్లగా, అంటే రాత్రంతా ఆపి ఉంచిన బండి మీదే చేయాలి. పిస్టన్ కంప్రెషన్ మీద పైన ఉండగా రాడ్డుని రెండు వేళ్ళతో తిప్పితే సాఫీగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు, అంతే. టక్కటక్కమని శబ్దం వస్తోందని మరీ బిగించేవాళ్ళున్నారు, అలా చేస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు మీద కూర్చోక కాలిపోద్ది. కొంచెం శబ్దం ఉన్నా ఫర్వాలేదు, బిగుతుగా ఉండడమే ప్రమాదం.

స్పేర్ల గురించి. విజయవాడ ఆటోనగర్‌లో చాలావరకు దొరుకుతాయి, అక్కడ లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు తిరిగితే ఏదో ఒక కొట్లో బయటపడతాయి, మరీ దొరకనివి ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి తెప్పించుకునేవాళ్ళున్నారు. దొరకడం ఒక ఎత్తు, మంచివి దొరకడం ఇంకో ఎత్తు. కండెన్సర్లలో డూప్లికేట్లు దారుణం, డబ్బా మీద పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి, పెట్టెలోంచి తీసిన కొత్తదే చచ్చి ఉంటది. అందుకే మావాళ్ళ పద్ధతి ఏంటంటే, కొత్తది వేశాక పని చేయకపోతే "కొత్తది కదా, అది కాదులే" అనుకోరు, ముందు దాన్నే అనుమానిస్తారు. పని చేస్తున్న పాత పార్టు ఏదన్నా మారిస్తే పారేయరు, చీటీ రాసి డబ్బాలో పెడతారు. నా బండి ఆ రోజు రోడ్డు మీద లేచింది అలాంటి డబ్బాలోంచి వచ్చిన కండెన్సర్‌తోనే.

ఇంకో అలవాటు నాకు బాగా నచ్చింది, ఒకసారికి ఒక్కటే మార్చడం. ఆ షెడ్డులో ప్లగ్గూ కార్బొరేటర్ కిట్టూ కాక్కూ ఒకేసారి మార్చారు. అలా చేస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, కాకపోతే ఏది కాదో కూడా తెలియదు. మావాళ్ళు ఒకటి మార్చి, బండి తిప్పి, చూసి, అప్పుడు రెండోదాని జోలికి పోతారు. ఆలస్యం అవుద్ది, డబ్బు మాత్రం మిగులుద్ది.

పెట్రోల్ మాట కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతందాకా ఇథనాల్ కలుస్తోంది, ఈ బండ్లు తయారైన రోజుల్లో అది లేదు. ఇథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటది, పాత రబ్బరుకి పడదు. నెలరోజులు నిలబెట్టి ఉంచితే ట్యాంక్ అడుగున తుప్పు, కార్బొరేటర్ ఫ్లోట్ బౌల్‌లో జిగురు. పెట్రోల్ పైపు వేలితో నొక్కి చూడండి, గట్టిపడితే మార్చేయండి, అది కారితే కింద వేడి ఇంజన్ ఉంది. ఎక్కువరోజులు నడపకపోతే కాక్ మూసి కార్బొరేటర్‌లో ఉన్న పెట్రోల్ అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపడం మంచిది.

అలాగే చాలారోజులు నిలబడిన బుల్లెట్ స్టార్ట్ చేయగానే గుప్పున పొగ వేస్తే భయపడొద్దు. ఆయిల్ మెల్లగా పంపు దాటి క్రాంక్ కేసులోకి దిగిపోద్ది, మొదటిసారి అదే కాలుద్ది. స్టార్ట్ చేసేముందు కింద డ్రెయిన్ బోల్ట్ తీసి ఆ దిగిన ఆయిల్ వంపేసి, పైన లెవెల్ చూసి పోసుకుంటే సరిపోద్ది. కాసేపు నడిపాక పొగ తగ్గిపోతే బోర్ బానే ఉన్నట్టు. సత్తెనపల్లి తమ్ముడికి వాళ్ళ ఊళ్ళో ఈ పొగ చూసే ఇంజన్ బోరింగ్ చేయాలన్నారంట. తెనాలి అన్న ఆపాడు కాబట్టి ఆ పిల్లాడి డబ్బులు మిగిలాయి.

ఇప్పుడు ఆ తమ్ముడి బండికే అసలు పని ఉంది. పొగ తగ్గింది కానీ ఇంజన్ పైన వాల్వులని నొక్కే రాకర్ దగ్గర, ఆయిల్ పైపుని పట్టి ఉంచే బ్యాంజో బోల్ట్ లూజు చేసి ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తే ఆయిల్ రావాల్సినంత రావట్లేదు. ఆయిల్ పంపు అయినా అరిగి ఉండాలి, దాన్ని తిప్పే వార్మ్ నట్ పళ్ళైనా పోయి ఉండాలి. అందుకని ఆ బండి నడపొద్దని చెప్పి, ఈ ఆదివారం తెనాలిలో అన్న వాళ్ళ వాకిట్లో టైమింగ్ కవర్ (ఇంజన్‌కి కుడిపక్క ఉండే మూత) తీస్తున్నాం. ఆ వార్మ్ నట్‌కి ఎడమ మర ఉంటది, మామూలు నట్టు అనుకుని విప్పబోతే ఇంకా బిగుసుకుని తెగిపోద్ది, ఎవరన్నా ఇంట్లో సొంతంగా విప్పేవాళ్ళుంటే ఇది గుర్తుపెట్టుకోండి. కవర్ ప్యాకింగ్ కూడా ముందే కొని పెట్టుకోవాలి, పాతది ఊడదీస్తే చిరిగిపోద్ది. గుంటూరు, తెనాలి చుట్టుపక్కల పాత బుల్లెట్ ఉన్నవాళ్ళు ఎవరైనా రావచ్చు, పంపు విప్పడం ఎప్పుడూ చూడనివాళ్ళయితే తప్పకుండా రండి. మీ దగ్గర పని చేసే పాత పంపు డిస్కు ఏదన్నా డబ్బాలో పడి ఉంటే అది కూడా పట్టుకురండి, కొత్తది దొరికేదాకా వేసి చూస్తాం.